తలపాగా, హెల్మెట్టు: గోదావరి కట్టడములలో పనివాని రక్షణము

గోదావరి మండలమున పుట్టినవారికి ధవళేశ్వరము ఆనకట్టను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. మన పొలములకు పారు నీరు, మన కాలువలలో నడచిన పడవలు, మన గాదెలలోని ధాన్యము ఆ కట్టడము వలననే కలిగినవని పిల్లలు సైతము ఎఱుగుదురు. దానిని సంకల్పించి నిర్మించిన ఆర్థర్ కాటన్ దొరగారి విగ్రహములు ఊరూర నిలిచియున్నవి. అయితే ఆ ఆనకట్టకు రాయి మోసినవాని తలమీద ఏమి యుండెను, సున్నము కలిపినవాని చేతులకు ఏమి పూసికొనెను, ఆ రాళ్ళ మీద నడచినవాని కాలి క్రింద ఏమి యుండెను అను ప్రశ్నను మనము తఱచుగ వేసికొనము. నేటి ప్రసంగమున ఆ ప్రశ్ననే విచారింపదలచితిని. ఇది పాతకాలపు ముచ్చట మాత్రము కాదు. మన గ్రామములనుండి హైదరాబాదునకును, విశాఖపట్టణమునకును, గల్ఫు దేశములకును కట్టుబడి పనికి పోవు బిడ్డల ప్రాణములకు సంబంధించిన విషయము.

ముందుగ ఆనకట్ట కథను క్లుప్తముగ స్మరింతము. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను పాడుపెట్టిన కఱవు గోదావరి జిల్లాను సైతము బాధించెను. నిండుగ పారు నది ప్రక్కనే యుండగా జనులు అన్నము లేక మాడిపోయిరి. ఈ దుస్థితిని చక్కదిద్దుటకు మార్గము చూపుచు కాటన్ దొర 1844-45లో ప్రభుత్వమునకు నివేదికలు పంపెను. 1846లో అనుమతి లభించెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. నది నడుమ లంకలుండుటచే ఆనకట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ కట్టిరి. లంకలను విడిచి లెక్కించిన యెడల రాతి కట్టడపు పొడవే రమారమి రెండుంబావు మైళ్ళు. అడుగున గట్టి నేల లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. అట్టి ఇసుకలో పునాది నిలుపు విద్యను తాము కావేరిపై ప్రాచీనులు కట్టిన ఆనకట్టను చూచి నేర్చితిమని కాటన్ దొరయే ఒప్పుకొనెను. ఇసుకలోనికి బావులు దింపి, వాని మీద గోడలు లేపిరి. ధవళేశ్వరపు కొండను ప్రేల్చి రాయి తీసి, పట్టాల మీద బండ్లతో ఏటి యొడ్డునకు చేర్చిరి. వేలకొలది కూలివాండ్రును, వడ్రంగులును, కమ్మరులును ఆ పనిలో నుండిరి. వారిని సమకూర్చి నడిపిన మన దేశీయులలో వీణము వీరన్నగారి పేరు నేటికిని ఈ సీమలో గౌరవముతో చెప్పుకొందురు.

ఆ పనిలోని అపాయములను మనస్సునకు తెచ్చుకొనుడు. కొండ దగ్గఱ మందుగుండు ప్రేలుడు. ఎగిరిపడు రాతి పెళ్ళలు. ఏటి దగ్గఱ లోతు నీరు, జాఱు ఒడ్డు. సున్నపు బట్టీల దగ్గఱ ఉమ్మరము. సున్నము తగిలిన చోట ఒరిసిపోవు చర్మము. అన్నిటికి మించి మన ఎండ. గోదావరిలో నీరు తగ్గిన కాలమే ఇట్టి కట్టడములకు పనికాలము; అనగా ఎండ ముదిరిన నెలలే ముఖ్యమైన నెలలు. కాటన్ దొర యంతటివాడు 1848లో ఆరోగ్యము చెడి సెలవు పుచ్చుకొనగా, కాప్టెన్ ఓర్ అను మఱియొక ఇంజనీరు పనిని సాగించెను. గుడారపు నీడయు, సెలవును గల అధికారి గతియే అట్లయిన, నెత్తిన తట్టతో ఇసుకలో నడచినవారి శ్రమ ఎట్టిదో ఊహింపవచ్చును.

ఈ అపాయములనుండి కాచుకొనుటకు మన జిల్లాల కష్టజీవులు తరతరములుగ కొన్ని సాధనములు వాడిరి. వానిలో మొదటిది తలపాగా. పాగా లేనివానికి తుండుగుడ్డ. దానిని మనము వేషమని తలంతుము గాని, అది మంచి పనిముట్టు. నూలుగుడ్డ మడతలలో గాలి నిలిచి, ఎండ వేడిమిని తలకు సూటిగ చేరనీయదు. చెమటను గుడ్డ పీల్చుకొనును. ఆ చెమట ఆఱుచు తలను చల్లపఱచును. గుడ్డను తడిపి కట్టిన చల్లదనము ఇంకను ఎక్కువ. బరువు మోయునపుడు అదియే మెత్త. ముఖము తుడుచుకొనుటకు అదియే గుడ్డ. వ్రేలు తెగిన అదియే కట్టు. స్త్రీలు తట్టలు మోయుటకు చుట్టకుదురు వాడిరి. వానకు తాటాకు గిడుగు, గొంగళి. పాదములకు తోలు చెప్పులు. సున్నపు పనివారికి చేతులకు రాచుకొను నూనె. ఇవన్నియు ఎవరో ఇచ్చినవి కావు. ఎవరి తలకు తగినట్లు వారే చుట్టుకొన్నవి. అందుచేత వీనిని ధరింపుమని ఎవరును ఆజ్ఞ వేయవలసిన అవసరము లేకపోయెను.

ఈ మాట గుర్తుంచుకొనవలసినది. తలపాగాకు సుఖము కలదు, సులువు కలదు. కాని పైనుండి పడు రాతిని అది ఆపలేదు. చేతికి రాచిన నూనె సున్నపు ఘాటును కొంత తగ్గించునేగాని పూర్తిగ అడ్డుపడదు. కావున మన పూర్వుల సాధనములలో ఒక సగము పూర్తియైనది, రెండవ సగము కొఱవడినది. తరువాతి నూఱేండ్ల చరిత్రయంతయు ఈ రెండు సగములను ఒకచోట కూర్చు ప్రయత్నమని చెప్పవచ్చును.

తెల్లదొరలు తమ కొఱకు ఒక సాధనమును ఈ దేశపు వస్తువుతోనే చేసికొనిరి. మన చెఱువులలోను, పల్లపు చేలలోను పెరుగు జీలుగును మీరెఱుగుదురు. పెండ్లిలో బాసికములకును, జాలరుల వలలకును, పిల్లల బొమ్మలకును వాడు ఆ తెల్లని బెండుతోనే దొరల ఎండటోపీలను చేసిరి. బెండు మిక్కిలి తేలిక. వేడిమిని లోనికి పోనీయదు. టోపీకిని తలకును నడుమ గాలి తిరుగుటకు కొంత సందు విడిచిరి. వస్తువు మన మడుగులోనిదే యైనను ఆ టోపీ అధికారి గుర్తుగ నిలిచెను గాని కూలివాని తలకు చేరలేదు. అయినను ఆ సందులోని కిటుకును మఱవవలదు. అది మరల ముందు రానున్నది.

1897లో రాజమహేంద్రవరమువద్ద రైలు వంతెన పని ఆరంభమయ్యెను. బెనారసు దగ్గఱ గంగపై వంతెన కట్టిన వాల్టన్ అను ఇంజనీరు దానిని నడిపెను. 150 అడుగుల ఇనుప దూలముల కండ్లు 56. పొడవు సుమారు మైలున్నర పైచిలుకు. 1900లో రైళ్ళు నడచినవి. అప్పటి మద్రాసు గవర్నరు పేర దానిని హేవలాక్ వంతెన యనిరి. 1997 వఱకు అది పనిచేసెను. ఈ వంతెనతో మన పనివాని అపాయము స్వరూపము మాఱెను. ఆనకట్ట దగ్గఱ మనుష్యుడు నేలమీద నిలిచి బరువు మోసెను. వంతెన దగ్గఱ నీటిపై ఎత్తున, ఇనుప కమ్ముల మీద నిలువవలసి వచ్చెను. ఎఱ్ఱగ కాల్చిన మేకులను అదిమి బిగించు పని వచ్చెను. పైవాని చేతి సుత్తి జాఱిన క్రిందివాని తలపై పడును. నేలమీద పనివానికి చాలినంతగ ఉపకరించిన తలపాగా, ఈ ఎత్తున చాలదయ్యెను. పనిముట్లు ఇనుపవి, బరువులు ఇనుపవి. రక్షణము మాత్రము నూలుదే.

ఇట్టి సమస్యయే ప్రపంచమంతటను కలిగెను. దానికి సమాధానము దొరకిన తీరు మన పెద్దలు వినదగినది. మొదటి ప్రపంచయుద్ధమున సిపాయిలు ఉక్కు టోపీలు ధరించిరి. ఆ యుద్ధమునుండి తిరిగివచ్చిన బుల్లార్డు అను యువకుడు, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో తన తండ్రి నడపు గనిపనివారి సరకుల వ్యాపారమున ఆ యనుభవమును ఉపయోగించెను. 1919లో వారు గుడ్డను జిగురుతో పొరలు పొరలుగ అంటించి ఆవిరిపై బిగియించి గట్టి టోపీని చేసి అమ్మిరి. ఉక్కు బరువు, ఎండకు కాలును. గుడ్డ తేలిక. కావున మొదటి గట్టి టోపీ గుడ్డతోనే పుట్టెనని గమనింపుడు.

1931లో అమెరికాలోని కొలరాడో నదిపై హూవర్ ఆనకట్ట పని ప్రారంభమయ్యెను. అచ్చటి కొండచరియలకు త్రాళ్ళతో వ్రేలాడుచు రాయి కొట్టువారికి పైనుండి రాళ్ళు పడుట నిత్యకృత్యము. టోపీలు తెప్పించువఱకు వారు ఊరకుండలేదు. తాము పెట్టుకొను గుడ్డటోపీలనే తారులో ముంచి ఆఱబెట్టిరి. అవి రాయివలె గట్టిపడెను. రాతిదెబ్బకు దవడలు విఱిగినను పుఱ్ఱెలు పగులలేదని చూచిన పిమ్మట, గుత్తదారులు వేలకొలది గట్టి టోపీలను తెప్పించి పనివారికి ఇచ్చిరి. అనగా పనివాడు తన తలకు అలవాటైన టోపీనే గట్టిపఱచుకొని మార్గము చూపెను. యజమాని దానిని అనుసరించెను.

శాన్‌ఫ్రాన్సిస్కోలోనే 1933 మొదలు 1937 వఱకు గోల్డెన్‌గేట్ వంతెన కట్టిరి. అచ్చట గట్టి టోపీ తప్పక ధరింపవలెనని ఇంజనీరు స్ట్రాస్ నియమము చేసెను. దానితో తృప్తిపడక వంతెన క్రింద పొడవునను త్రాళ్ళ వల కట్టించెను. ఆ వలలో పడి 19 మంది బ్రదికిరి. అయినను 1937 ఫిబ్రవరి 17వ తేదీన ఒక బరువైన పరంజా కూలి ఆ వలను చీల్చుకొని పోగా 10 మంది మరణించిరి. వల మంచిదే, కాని వలను నమ్మి పరంజాను ఉపేక్షింపరాదని ఆ దినము నేర్పెను. వలలో మఱియొక విశేషము కలదు. దానిని పనివాడు ధరింపనక్కఱలేదు. అది అతనికి చెమట పట్టింపదు, చేతికి అడ్డము రాదు. తొడుగుకొను సాధనము కంటె చోటునందే ఏర్పఱచిన రక్షణము మేలు అను సూత్రము దీనివలన బోధపడును.

ఇక మన గోదావరికి మరలుదము. 1974లో రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ రైలు, రోడ్డు రెండును గల వంతెన తెరచిరి. పాత ఆనకట్టకు బదులుగ 1970లో ఆరంభించిన బారేజీ 1982లో పూర్తియై కాటన్ పేరనే వెలసెను. 1997లో విల్లువలె వంగిన కాంక్రీటు కమానుల వంతెన సిద్ధమయ్యెను. పిమ్మట పోలవరము పనులు వచ్చినవి. సున్నమునకు బదులు సిమెంటు, తట్టకు బదులు యంత్రము, తలపాగాకు బదులు ప్లాస్టిక్ హెల్మెట్టు వచ్చెను. చట్టములును మాఱినవి. 1923లో వచ్చిన చట్టము దెబ్బ తగిలిన పిమ్మట పరిహారమును నిర్ణయించెను. దెబ్బ తగులకముందే కాపాడుటకై కట్టుబడి పనివారి కొఱకు ప్రత్యేకముగ 1996లో పార్లమెంటు చట్టము చేసెను. 2020లో ఆ విషయములను వృత్తిభద్రతా స్మృతిలో చేర్చిరి. అయితే 1996 చట్టము పదిమంది లేక అంతకు మించి పనివారున్న చోటికే వర్తించునట్లు చేసి, స్వంతమునకు పది లక్షల లోపు వ్యయముతో కట్టుకొను ఇంటిని విడిచిపెట్టిరి. 2020 స్మృతిలో ఆ మొత్తమును ఇంకను పెంచిరి. అనగా నలుగురు పనివారితో మన వీథిలో లేచు మేడకు అడుగువారు మనమే గాని వేఱొకరు లేరు.

హెల్మెట్టు ఇచ్చినను పనివాడు తీసి ప్రక్కన పెట్టుచున్నాడని మేస్త్రీలు తఱచుగ అందురు. దానిని అతని మూర్ఖత్వమని కొట్టివేయుటకు ముందు కారణములు విచారింపవలెను. మన డెల్టాలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. సముద్రపు గాలిలోని తేమచే చెమట త్వరగ ఆఱదు. తలను చల్లపఱచునది చెమట ఆఱుటయే. గాలి చొరని ప్లాస్టిక్ బుఱ్ఱ దానిని అడ్డగించినపుడు చెమట కండ్లలోనికి కారును; తల దిమ్మెక్కును. ఎత్తున నిలిచినవానికి కన్ను మసకగొనుటయే గొప్ప అపాయము గదా. కొలత చాలక వదులైన హెల్మెట్టు, వంగినపుడెల్ల జాఱును. ఒక చేత దానిని పట్టుకొనవలసినవాడు పరంజాను ఒక చేతనే పట్టుకొనును.

స్త్రీల సంగతి ఇంకను కష్టము. కొప్పు ముడిచిన తలకు హెల్మెట్టు కూర్చొనదు. అంతకంటె ముఖ్యముగ, వారి తలయే వారి బండి. సిమెంటు తట్టను, ఇటుకలను తలమీదనే మోయవలెనని చెప్పి, ఆ తలమీదనే గుండ్రని నున్నని హెల్మెట్టు పెట్టుమనిన, చుట్టకుదురు ఎచ్చట నిలుచును? ఇచ్చట తప్పు ధరింపని స్త్రీది కాదు. పనిని ఏర్పాటు చేసినవారిది. గిలకయో, బరువెత్తు యంత్రమో పెట్టి తట్టను త్రాటిపై పంపిన యెడల ఆమె తల విడుదలగును. అపుడు హెల్మెట్టు నిలుచును. అట్లే తాపీపనివానికి మందమైన చేతితొడుగు ఇచ్చిన, తాపీ పట్టు తెలియదు, దారము తెలియదు. పురుషుల కొలతకు చేసిన రబ్బరు జోళ్ళు స్త్రీల పాదమునకు వదులై అడుగు తడబడజేయును. నడుమునకు కట్టు పట్టీ కొక్కెమును అడుగడుగున విప్పి తగిలింపవలసివచ్చిన, పని తొందరలో అది విప్పినట్లే యుండిపోవును.

సిమెంటును గూర్చి ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలెను. తడి సిమెంటు సున్నమువలెనే తీవ్రమైన క్షారము, చర్మమును కాల్చును. అంతటితో పోక దానిలో క్రోమియము అను లోహపు అంశము స్వల్పముగ నుండి కొందఱికి మానని గజ్జివంటి వ్యాధిని తెచ్చును. ఒకమాఱు ఆ వ్యాధి పట్టినవానికి మరల సిమెంటు ముట్టినచో తిరుగబెట్టును. బ్రతుకుతెరువైన పనియే విడువవలసి వచ్చును. తాతలు సున్నమునకు రాచిన నూనె దీనికి చాలదు. చేతికి తగిన పలుచని, నీరు చొరని తొడుగు, పని కాగానే మంచినీటితో కడుగుకొనుట, తడిసిన గుడ్డ వెంటనే మార్చుకొనుట అవసరము.

మంచి హెల్మెట్టు ఎట్టిదో తెలిసికొనుట కష్టము కాదు. లోపల తలకు చుట్టు పట్టీలును, పై బుఱ్ఱకును నడుమ సందు ఉండవలెను. జీలుగు టోపీలో గాలికై విడిచిన సందువంటిదే ఇది. అయితే ఇచ్చట అది రెండు పనులు చేయును. దెబ్బను తలకు తగులకముందే పట్టీలు సాగి తాళుకొనును; గాలియు కొంత ఆడును. పట్టీ ప్రతి తలకు కుదురునట్లు బిగించుటకు వీలుండవలెను. నుదుటి దగ్గఱ చెమట పీల్చు నూలుపట్టీ యుండి, దానిని ఉతుకుటకు వీలు కావలెను. తెలుపువంటి లేత రంగు ఎండను త్రిప్పివేయును. ఎత్తున పనిచేయువానికి గడ్డము క్రింద పట్టీ తప్పదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగుగ కనబడినను మరల వాడరాదు. ఏండ్లకొలది ఎండలో ఎండిన ప్లాస్టిక్ పెళుసెక్కును. దానిలో నీళ్ళు మోయుటయు, దానిపై కూర్చుండుటయు తగదు.

పెద్దలలో కొందఱు మన తాతలకు ఇవి లేకయే ఆనకట్ట కట్టలేదా యని యడుగుదురు. కట్టిరి, నిజమే. కాని వారు సాధనములు లేక యుండలేదు; ఆనాటి పనికి తమకు దొరకిన వానిలో తగిన వానిని వాడిరి. ఎండలో నడచువాడు తలకు గుడ్డ చుట్టుట ఎంత వివేకమో, నాలుగవ అంతస్తున నిలుచువాడు తలకు గట్టి టోపీ పెట్టుట అంతే వివేకము. తాతలను అనుసరించుట యనగా వారి గుడ్డను అనుసరించుట కాదు, వారి వివేకమును అనుసరించుట. ఆ వివేకములోనిదే మఱియొకటి కూడ కలదు: చలువవేళ పని, ఎండవేళ విశ్రాంతి. ఏ హెల్మెట్టును మిట్టమధ్యాహ్నపు వైశాఖమాసపు ఎండను గెలువదు. తెల్లవారుజామున పని మొదలిడి, ఎండ ముదిరినంత నీడను, మంచినీటిని ఇచ్చిన యెడల సాధనములు ధరించుట సులువగును.

కావున మీ గ్రామమున ఆలయ గోపురము లేచునపుడు, బడి కట్టునపుడు, నీళ్ళ ట్యాంకు పైకి పోవునపుడు, మేస్త్రీని పిలిచి ఇటుకల ధర యడిగినట్లే ఈ సంగతులను కూడ అడుగుడు. పరంజాకు పట్టుకఱ్ఱలు అడ్డముగ కట్టిరా? వల కలదా? బరువు తలమీద పోవుచున్నదా, గిలకమీద పోవుచున్నదా? హెల్మెట్టులు కొనకముందు ఇద్దఱు ముగ్గురు పనివారిచే ఒక దినము పెట్టించి చూచిరా? స్త్రీలకు తగిన కొలతలు కలవా? మీ మాటకు గ్రామమున విలువ కలదు. ఇంటి యజమాని అడిగిన మేస్త్రీ చేయును. పెద్దలు అడిగిన యజమాని చేయించును.

పరంజామీదినుండి ఒక మనుష్యుడు పడిన యెడల పడునది అతడొక్కడే కాదు. అతని కుటుంబమంతయు పడును. ఇంటికి రంగు వేసి గృహప్రవేశము చేయునపుడు ఆ కుటుంబపు కన్నీరు ఆ గోడలపై నుండరాదని కోరువారు, పునాదినాడే ఈ జాగ్రత్త పుచ్చుకొందురుగాక.